స్టూడెంట్స్ నడిపే ఈ సమ్మర్ స్కూల్‌కి పిల్లల్ని పంపొచ్చా? గుంటూరు నుంచి ఒక తండ్రి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేనిచ్చే రేటింగ్ 5కి 4. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాశాను, దయచేసి అది కూడా చదవండి, పంపాలనుకునే తల్లిదండ్రులే కాదు ఈ సంస్థ నడిపే పిల్లలు కూడా చదవాలనే రాస్తున్నా.

మాది గుంటూరు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్ అయిపోయింది, విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీ. ఆ కాలేజీల సంగతి ఇక్కడ చదివే వాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు, గూడవల్లి, నిడమానూరు, ఎనికేపాడు, పోరంకి ఎటు చూసినా అవే బిల్డింగులు, తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్, వారం వారం టెస్టులు, ర్యాంకులు గోడ మీద. పిల్ల బాగానే చదువుతుంది, మార్కులతో ఏ ఇబ్బందీ లేదు. కానీ ఇంటికొస్తే ఏ విషయం అడిగినా "ఏమో నాన్నా, సిలబస్‌లో లేదు" అనేది, అది విన్నప్పుడల్లా నాకు గుండెల్లో కలుక్కుమనేది.

ఈ సంస్థ గురించి మా బావమరిది చెప్పాడు. ఇక్కడి నుంచి వెళ్ళి బయట యూనివర్సిటీల్లో చదువుకుంటున్న కొంతమంది పిల్లలు డిగ్రీలో ఉండగానే మొదలుపెట్టారంట, లాభం కోసం కాదు, సొసైటీగా రిజిస్టర్ చేయించారు. వేరే దేశాల్లో డిగ్రీ చదివే విద్యార్థుల్ని ఇక్కడికి రప్పించి, మన ఇంటర్ పిల్లలతో, మన డిగ్రీ పిల్లలతో కలిపి ఒకే హాస్టల్లో ఉంచి సమ్మర్ స్కూల్ పెడతారు. పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ళు చెప్పింది నాకు నచ్చింది, ఇంజనీరింగ్‌కి వెళ్ళేవాడైనా కొంచెం చరిత్ర, కొంచెం ఎకనామిక్స్, కొంచెం తర్కం, సాహిత్యం చదవాలి, ఏ సబ్జెక్టయినా బట్టీ పట్టడం కాకుండా కూర్చుని వాదించి తేల్చుకోవాలి, లిబరల్ ఎడ్యుకేషన్ అని వాళ్ళనేది దీన్నే. ఇలా విద్యార్థులే మొదలుపెట్టి నడపడం కొత్తేం కాదని కూడా చెప్పారు. 1934లో జపాన్, అమెరికా మధ్య సంబంధాలు చెడిపోతుంటే జపాన్ కాలేజీ విద్యార్థులే పూనుకుని అమెరికా విద్యార్థుల్ని టోక్యోకి పిలిచి సమావేశం పెట్టారంట, రెండో ప్రపంచ యుద్ధంలో ఆగిపోయి మళ్ళీ 1947లో మొదలై ఇప్పటికీ జరుగుతోంది. యుద్ధం అయ్యాక 1948లో యూరప్ విద్యార్థులు ఐసెక్ అనే విద్యార్థి సంస్థ పెట్టుకున్నదీ అలాగే. పెద్దవాళ్ళు కొట్టుకుంటున్న రోజుల్లో పిల్లలు ఒకళ్ళ దేశానికి ఒకళ్ళు వెళ్ళి కూర్చుని మాట్లాడుకోవాలనుకోవడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

అయినా మనం వ్యాపారస్తులం కాబట్టి కాగితాలు అడిగా. సొసైటీ రిజిస్ట్రేషన్ చూపించారు, 2001 ఏపీ సొసైటీల చట్టం కింద. ఆదాయపు పన్ను మినహాయింపు కాగితాలు 12ఏ, 80జీ కూడా ఉన్నాయి. విదేశాల నుంచి డబ్బు తీసుకుంటారా అని అడిగితే లేదండి, మాకు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి తీసుకోం, వచ్చే విద్యార్థులు ఎవరి టికెట్ వాళ్ళే పెట్టుకుంటారు అన్నారు. ఈ ఒక్క జవాబుతో నాకు సగం నమ్మకం కుదిరింది. ఎందుకంటే ఎఫ్‌సీఆర్ఏ లేకుండా విదేశీ విరాళం ముట్టుకోకూడదు, ఉన్నా సరే 2020లో చట్టం మార్చాక ఆ డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి అకౌంట్‌లోనే పడాలి. ఇరవై ఏళ్ళ పిల్లలు ఇది తెలిసి ఉండటం, అడగ్గానే తడుముకోకుండా చెప్పడం చిన్న విషయం కాదు. మీరూ ఏ సంస్థకి పిల్లల్ని పంపినా ఈ కాగితాలు అడగండి, అడిగితే మొహం మాడ్చుకునే వాళ్ళ దగ్గరికి పంపకండి.

స్కూల్ మే మొదట్లో జరిగింది, విజయవాడ కానూరు వైపు ఒక కాలేజీ హాస్టల్ అద్దెకి తీసుకున్నారు. పొద్దున సెమినార్లు, మధ్యాహ్నం ఎండ తగ్గాక బయటికి తీసుకెళ్ళడం, రాత్రి పదిమంది చొప్పున గుంపుగా కూర్చుని ఆ రోజు గురించి మాట్లాడుకోవడం. ఒక్కో సెమినార్‌కి ఎనిమిది మంది, చెప్పేది ఒక విదేశీ విద్యార్థి, పక్కన మన డిగ్రీ పిల్లోడో పిల్లో ఒకళ్ళు. టాపిక్కులు కూడా మామూలు పాఠాల్లా లేవు. కృష్ణా నీళ్ళు ఎవరివి అని ఒకటి, దాని కోసం ప్రకాశం బ్యారేజీ మీదకి తీసుకెళ్ళి 1855లో పూర్తయిన పాత ఆనకట్ట దగ్గర్నుంచి, అది 1952లో తెగడం, 1957లో బ్యారేజీ రావడం దాకా చెప్పి, ఆనకట్ట కట్టకముందు డెల్టాలో కరువులు ఎలా ఉండేవి, కట్టాక పైన ఉన్న ఊళ్ళకి ఏమైంది అని పిల్లల చేతే వెతికించారు. అమ్మాయి ఆ సెమినార్‌లో లేదు, వేరే పిల్లలు చెప్తుంటే విన్నదే ఇది.

మా అమ్మాయి తీసుకున్నది మ్యాథ్స్ సెమినార్. ఇది కొంచెం వివరంగా రాయాలి, నాకు మొత్తం స్కూల్లో విలువైంది ఇదే అనిపించింది.

చెప్పింది జపాన్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, డిగ్రీ మూడో ఏడు. తీసుకున్నది ఒకే ఒక్క ప్రశ్న, ప్రధాన సంఖ్యలు ఎక్కడో ఒకచోట అయిపోతాయా, ఎప్పటికీ ఉంటూనే ఉంటాయా. రెండు వేల ఏళ్ళకి పైగా కిందట యూక్లిడ్ తేల్చేసిన విషయమే, మావాళ్ళకీ తెలుసు, అనంతం అని గబుక్కున చెప్పేశారంట. అయితే ఎలా తెలుసు అని అడిగింది. అందరూ నిశ్శబ్దం. ఒకడు "మేడమ్, ఇది జేఈఈలో వస్తుందా" అని అడిగాడంట, ఆ అమ్మాయి కోప్పడలేదు, రాదేమో, అయినా ఈ పూట దీనికే ఇద్దాం అన్నది. సరే అని మెల్లగా లాక్కొచ్చారు. మనకి తెలిసిన ప్రధాన సంఖ్యలన్నీ గుణించి ఒకటి కలుపుదాం, 2, 3, 5, 7, 11, 13 గుణిస్తే 30030, ఒకటి కలిపితే 30031, దీన్ని ఆ ఆరింట్లో దేనితో భాగించినా శేషం 1 మిగులుతుంది. మా అమ్మాయి వెంటనే లేచి, అయితే 30031 కొత్త ప్రధాన సంఖ్య, ప్రూఫ్ అయిపోయింది అన్నది. అందరూ అవునన్నారు. ఆ జపాన్ అమ్మాయి అవుననలేదు, కాదనలేదు, బోర్డు మీద అలాగే రాసి ఉంచి, రాత్రికి ఆలోచించండి అని వెళ్ళిపోయింది.

రాత్రి హాస్టల్లో పిల్లలు దీని మీద పడ్డారు. ఫోన్లు తీసుకునేశారు కాబట్టి గూగుల్ లేదు. 17తో భాగించారు, 19తో, 23తో, అలా పోయి పోయి రేపల్లె వైపు గవర్నమెంట్ జూనియర్ కాలేజీ నుంచి వచ్చిన ఒక అబ్బాయి, అసలు ఇంగ్లీషులో నోరు విప్పనివాడు, 59 దగ్గర పట్టుకున్నాడు. 59 ఇంటూ 509. అంటే 30031 ప్రధాన సంఖ్య కాదు, మా అమ్మాయి చెప్పింది తప్పు. అలాగని ప్రూఫ్ తప్పు కాదు, ఎందుకంటే ఆ 59, 509 రెండూ మన లిస్టులో లేనివే, ఎంత పెద్ద లిస్టు రాసినా బయట ఇంకోటి ఉండి తీరుతుంది. పొద్దున ఆ అబ్బాయి చేతే బోర్డు మీద చెప్పించారు, తెలుగులో చెప్పాడు, మన డిగ్రీ పిల్లోడు పక్కన ఇంగ్లీషు చేశాడు. మా అమ్మాయి ఆదివారం ఫోన్లో ఈ కథంతా చెప్పి "నాన్నా, నేను తప్పు చెప్పా, ఎవరూ మార్కు తీసేయలేదు, కానీ నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు, చాలా బాగుంది" అన్నది. గంటకి ఇన్ని లెక్కలు అని స్పీడు మీద బతికే పిల్ల ఒక్క లెక్కతో ఒక పగలూ ఒక రాత్రీ గడిపింది. నేను కట్టిన ఫీజు అక్కడికే సరిపోయింది అనుకున్నా.

ఇంకో సెమినార్ ధర ఎలా తేలుతుంది అని, దానికోసం మా మిర్చి యార్డుకే తీసుకొచ్చారు, యార్డుకి వేసవి సెలవులు ఇచ్చే ముందే రావాలని నేనే తేదీ చెప్పా. అసలు మిరపకాయ మనది కాదు, అమెరికా ఖండాల్లో పుట్టి పోర్చుగీసు వాళ్ళతో 16వ శతాబ్దంలో ఇక్కడికి చేరింది, ఇప్పుడు గుంటూరంటేనే మిర్చి, దీనికంటే మంచి అంతర్జాతీయ మార్పిడి ఏముంది అని సెమినార్ చెప్పే అబ్బాయి మొదలుపెట్టాడు. యార్డు గేటు దాటగానే అందరికీ దగ్గు, ముక్కుకి కర్చీఫులు. మా కొట్టు ముందు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించి ఉన్నాయి, కొనేవాళ్ళు వచ్చి తేజ రకం మిర్చి ఎలా చూస్తారో చూపించా. గుప్పెడు తీసి రంగు చూస్తారు, ఒకదాన్ని విరుస్తారు, తేమ ఉంటే వంగుతుంది గానీ విరగదు, గింజలు గలగలమంటున్నాయా లేదా అని ఊపి వింటారు, రంగు పోయిన తాలు కాయ ఎంత కలిసిందో చేత్తో చెరిగి చూస్తారు. అదంతా పిల్లలు నోట్సు రాసుకున్నారు. తర్వాత ఈ ధర చివరికి ఎవరు నిర్ణయిస్తారు అని వాళ్ళకి వదిలేశారు. ఒకడు రైతు అన్నాడు, ఒకడు నన్ను చూపించాడు, ఒకడు ఎగుమతిదారు అన్నాడు, చివరికి తేజ ఎక్కువగా చైనాకి పోతుందని, అక్కడ కారం సారం తీసే ఫ్యాక్టరీలకి ఎంత ఘాటు కావాలో దాన్నిబట్టి కూడా మన యార్డులో రేటు కదులుతుందని వాళ్ళంతట వాళ్ళే అడిగి అడిగి తెలుసుకున్నారు.

మా అమ్మాయి మాత్రం తొడిమలు తీసే ఆడవాళ్ళ దగ్గర కూర్చుంది. తొడిమలు తీసిన కాయకి ఎగుమతిలో రేటు ఎక్కువ, ఆ పని కిలో లెక్కన చేయిస్తారు. ఒక పెద్దావిడ చేతులు చూపించి "మంట అలవాటైపోయింది తల్లీ, రాత్రి అన్నం కలుపుకునేటప్పుడే తెలుస్తది" అన్నదంట. ఇంటికొచ్చాక పిల్ల అడిగిన ప్రశ్న "నాన్నా, ఆమెకి కిలోకి ఎంత, మనకి కమీషన్ ఎంత, ఎందుకంత తేడా?" నేను రిస్కు, పెట్టుబడి, రైతుకి ముందే ఇచ్చే అప్పు, అన్నీ వివరంగా చెప్పా. విన్నది, కొన్ని ఒప్పుకుంది, కొన్ని ఒప్పుకోలేదు. పుట్టిన దగ్గర్నుంచి మిర్చి డబ్బుతోనే పెరిగిన పిల్ల మిర్చి గురించి నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది, నాకు చాలా సంతోషమేసింది.

అమరావతి ట్రిప్పు గురించి కొంచెం. చాలామంది తల్లిదండ్రులు విదేశీ పిల్లలు వచ్చి మనకి నేర్పడమేంటి అని అడుగుతున్నారు, వాళ్ళ కోసం ఇది. ధాన్యకటకానికి, అంటే ఇప్పటి అమరావతికి, 7వ శతాబ్దంలో చైనా నుంచి హ్యుయాన్‌త్సాంగ్ వచ్చి నెలల తరబడి ఉండి ఇక్కడి భిక్షువుల దగ్గర చదువుకున్నాడు. నాగార్జునకొండలో సింహళం నుంచి వచ్చేవాళ్ళ కోసం సింహళ విహారం ఉండేదని శాసనమే ఉంది. గుంటూరులో మన ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీ 1885లో అమెరికా లూథరన్ మిషన్ వాళ్ళు పెట్టిందే, మన తాతలు ఎంతమంది అక్కడ చదివి పైకొచ్చారో గుంటూరు వాళ్ళందరికీ తెలుసు. కృష్ణ ఒడ్డున బయటివాళ్ళు వచ్చి నేర్చుకోవడం, నేర్పడం ఎప్పట్నుంచో ఉన్నదే.

అమరావతి మ్యూజియంలో పెట్టిన చర్చ అమరావతి శిల్పాలు ఎవరివి అని. 1797లో బ్రిటిష్ అధికారి మెకంజీ వచ్చి చూడటం, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్ళు మద్రాసు పంపడం, అక్కడి నుంచి లండన్ చేరడం, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో వందకి పైగా ఉండటం, ఇవన్నీ ముందే కాగితాల మీద ఇచ్చారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన అబ్బాయిని తిరిగి ఇచ్చేయాలి అనే వైపు, మన పిల్లల్ని ఇవ్వక్కర్లేదు అనే వైపు వాదించమన్నారు, కావాలనే తిరగేసి పెట్టారన్నమాట. మనవాళ్ళకి మొదట నోరు రాలేదంట. తర్వాత ఆ రేపల్లె అబ్బాయే మళ్ళీ, "జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కాలంలో ఊరు కట్టడానికి ఈ స్తూపం దిబ్బ రాళ్ళే తవ్వి వాడారు, తెల్లోళ్ళు రాకముందే మనవాళ్ళే వాడేసుకుంటుంటే అక్కడికి పోయినవైనా మిగిలాయి గదా" అన్నాడు. ఇంగ్లండ్ అబ్బాయి, మిగలడం వేరు, ఎవరి దగ్గర మిగలాలి అన్నది వేరు అని జవాబిచ్చాడు. బస్సెక్కాక కూడా అదే గొడవ, ఉండవల్లి వచ్చేదాకా తెగలేదని వీడియో తీసిన పిల్లలు చూపించారు. ఎవరు గెలిచారో చెప్పలేదు, చెప్పరంట కూడా.

చివర్లో రెండు రాత్రులు హోమ్‌స్టే. మా ఇంటికి శ్రీలంక నుంచి వచ్చిన ఒక అబ్బాయిని ఇచ్చారు. మా ఆవిడ భోజనం గురించి కంగారుపడింది గానీ అతను మన కారం మనకంటే సులభంగా తిన్నాడు, కొబ్బరి తగ్గిందని మాత్రం అన్నాడు. అతను మా అమ్మని ఆచ్చీ అని పిలిచాడు, వాళ్ళ భాషలో అమ్మమ్మ అంట, మా అమ్మ రెండు రోజులూ అతని పక్కనే. వాళ్ళ దేశంలో 2022లో వచ్చిన సంక్షోభంలో పెట్రోలు కోసం వాళ్ళ నాన్న క్యూలో ఎలా పడుకునేవాడో చెప్పాడు. టీవీలో చూసిన విషయమే, కానీ మన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఒక పిల్లవాడు చెప్తుంటే వేరుగా ఉంటుంది. మర్నాడు పొద్దున మా అమ్మాయి అతన్ని బ్రాడీపేట, శంకర్ విలాస్ సెంటరు తిప్పి తీసుకొచ్చింది.

హోమ్‌స్టే ఇచ్చే వాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. విదేశీయులు ఎవరింట్లో దిగినా ఇంటివాళ్ళు 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వాళ్ళ వివరాలు నింపాలి, ఫారం సీ అనేవాళ్ళు దాన్ని, హోటళ్ళకే కాదు ఇళ్ళకి కూడా. సంస్థ పిల్లలు ముందే ఇంటింటికీ వచ్చి రిజిస్ట్రేషన్ చేయించారు, పాస్‌పోర్టు, వీసా కాపీలు తెచ్చారు, కానీ మా పక్క వీధిలో ఒకళ్ళకి చివరి రోజు దాకా చెప్పలేదంట, వాళ్ళు రాత్రి పూట హడావిడి పడ్డారు. ఇలాంటివి అందరికీ ఒకేలా, వారం ముందే అయిపోవాలి.

ఇప్పుడు లోపాలు.

మొదటిది ఇంగ్లీషు. సెమినార్లు ఇంగ్లీషులో, విదేశీ పిల్లలు కొందరు చాలా వేగంగా మాట్లాడతారు. కార్పొరేట్ కాలేజీ పిల్లలు ఎలాగో నెట్టుకొచ్చారు, తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు మొదటి రెండు రోజులు తల వంచుకుని కూర్చున్నారు. పక్కన డిగ్రీ పిల్లలు ఉన్నా వాళ్ళలో కొందరికే అనువాదం చేసే ఓపిక ఉంది. ఆ రేపల్లె అబ్బాయి అదృష్టవశాత్తూ మంచి గ్రూపులో పడ్డాడు, వేరే గ్రూపులో పడి ఉంటే ఆ 59 ఎవరికీ తెలిసేది కాదు. చదవాల్సిన కాగితాలు ముందే తెలుగులో ఇస్తే సగం సమస్య పోతుంది. తెలుగులో చెప్పినా చర్చ చర్చే.

రెండోది డబ్బు. ఫీజు రూ.14,500 అన్నారు, గవర్నమెంట్ కాలేజీ పిల్లల దగ్గర ఏమీ తీసుకోలేదు, అది చాలా మంచి విషయం, మావాళ్ళు కట్టినదాంట్లో కొంత వాళ్ళకి పోయినా నాకు ఆనందమే. కానీ బస్సులకి, మ్యూజియం టికెట్లకి అంటూ తర్వాత ఇంకా అడిగారు. పెద్ద మొత్తం కాదు. ముందే మొత్తం చెప్పేస్తే ఏ గొడవా ఉండదు, నెల జీతంతో ఇల్లు నడిపేవాళ్ళకి ఆ కొంచెం కూడా లెక్కే. ఆఖర్లో ఖర్చుల లెక్క పంపుతామన్నారు, ఇది రాసేటప్పటికి రాలేదు.

మూడోది, నేను రేటింగ్ తగ్గించింది దీనికే. ఆఖరి రోజు తల్లిదండ్రుల్ని పిలిచారు, పిల్లలు వాళ్ళ పని చూపించారు, కన్నులపండుగగా ఉంది. ఆ హాల్ బయటే ఒక అబ్రాడ్ కన్సల్టెన్సీ వాళ్ళకి స్టాల్ ఇచ్చారు. వాళ్ళు ప్రతి తల్లినీ తండ్రినీ ఆపి, ఈ సర్టిఫికెట్ ఉంటే ఫారిన్ అడ్మిషన్‌కి ప్లస్ అవుతుంది, మా దగ్గర ప్యాకేజీ ఉంది అని పాంప్లెట్లు పంచారు. నేను సంస్థ పిల్లల్ని అడిగితే స్పాన్సర్ అండీ, భోజనాల ఖర్చు వాళ్ళే పెట్టుకున్నారు అన్నారు. బాబూ, భోజనాల ఖర్చు మేం పెట్టుకుంటాం, గుంటూరు, విజయవాడలో వ్యాపారస్తులకి కొదవ లేదు, అడిగితే నేనే పదిమందిని తీసుకొస్తా. మార్కులు లేకుండా, ర్యాంకులు లేకుండా పిల్లలు ఆలోచించడం నేర్చుకున్న చోట, చివరి గంటలో మళ్ళీ దాన్ని ఒక సర్టిఫికెట్ చేసి గుమ్మం దగ్గర అమ్మితే ఎలా? బెంజ్ సర్కిల్ చుట్టూ అలాంటి ఆఫీసులు కావలసినన్ని ఉన్నాయి, కావలసిన వాళ్ళు అక్కడికే వెళ్తారు. వచ్చే ఏడాది ఆ స్టాల్ లేకపోతే నేనే వచ్చి రేటింగ్ మారుస్తా.

ఇంకోటి భయం లాంటిది. ఇది నడిపేవాళ్ళందరూ విద్యార్థులే, చదువైపోగానే ఉద్యోగాలకి వెళ్ళిపోతారు. ఈసారి ఫారం సీ దగ్గర్నుంచి రాత్రి జ్వరం వచ్చిన పిల్లాడిని హాస్పిటల్‌కి తీసుకెళ్ళడం దాకా అన్నీ చూసుకున్న అమ్మాయికి ఇది ఆఖరి ఏడాది. ఆ అమ్మాయి ఏం చేసిందో ఒక పుస్తకంలో రాసి తర్వాతి వాళ్ళకి ఇవ్వాలి, లేకపోతే ప్రతి ఏడూ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తుంది. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళని, రిటైరైన లెక్చరర్లని సలహాకి పెట్టుకుంటే మంచిది, నడపడం మాత్రం పిల్లలకే వదిలేయాలి, వాళ్ళు బాగా నడుపుతున్నారు.

దీని తర్వాత ఏంటి అని అడిగేవాళ్ళకి. మా అమ్మాయి ఇంజనీరింగ్‌కే వెళ్తానంటోంది, వెళ్ళనీ, నాకే అభ్యంతరం లేదు. ఇలాంటి చదువే డిగ్రీలో కావాలంటే అశోకా 2014లో సోనీపట్‌లో మొదలైంది, మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో క్రియా 2018లో వచ్చింది, అమరావతిలో ఎస్ఆర్ఎం వాళ్ళకీ ఆర్ట్స్ కోర్సులున్నాయి, ఫీజులు మాత్రం ఏడాదికి లక్షల్లో, స్కాలర్‌షిప్ అడిగి చూడాలి. 2020 జాతీయ విద్యా విధానంలో కూడా అన్ని సబ్జెక్టులూ కలిపి చదవడం గురించే రాశారు. మన గవర్నమెంట్ డిగ్రీ కాలేజీల్లో అది ఎప్పటికి నిజంగా వస్తుందో, ఈలోపు ఇలాంటి స్కూళ్ళు ప్రతి జిల్లాలో ఒకటి ఉంటే బాగుండు.

ఎవరు పంపాలి? మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లల్ని తప్పకుండా పంపండి. ర్యాంకుల్లో ముందున్న పిల్లల్ని కూడా పంపండి, తెలియదు అనడానికి భయపడేది ఎక్కువగా వాళ్ళే. ఎంసెట్, అదే ఇప్పుడు ఈఏపీసెట్, ఆ ఏడాది రాసేవాళ్ళని మాత్రం పంపకండి, తేదీలు మీద పడతాయి, పిల్లలు రెండింటి మధ్య నలిగిపోతారు. ఎండలు ఎక్కువ కాబట్టి మంచి బాటిల్, టోపీ, రెండు కాటన్ జతలు ఎక్కువ ఇచ్చి పంపండి, హాస్టల్లో కూలర్లే ఉంటాయి.

అప్లికేషన్‌లో ఒక వ్యాసం అడుగుతారు, ఈసారి ఇచ్చింది "మీ ఊళ్ళో ఏది మారాలి, అది మారితే నష్టపోయేది ఎవరు?" తెలుగులోనూ రాయొచ్చు. ట్యూషన్ సార్‌తో, ఏఐతో రాయించకండి, ఇంటర్వ్యూలో దాని మీదే అరగంట అడుగుతారు, సొంతంగా రాయని పిల్లలు అక్కడే ఆగిపోయారు. మా అమ్మాయి మా వీధి కాలవ మీద కట్టిన కొట్ల గురించి రాసింది, అందులో మా బాబాయి కొట్టు కూడా ఉంది, ఇంట్లో కాసేపు గొడవైంది, అలాగే పంపించాం. గుంటూరులో హోమ్‌స్టేకి ఇంకా ఇళ్ళు కావాలంటున్నారు, ఒక గది, ఒక ఫ్యాను, ఇంట్లో చదువుకునే పిల్లలు ఉంటే చాలు, ఇష్టమున్న వాళ్ళు ఈ డిసెంబర్‌లోపు వాళ్ళకి చెప్పండి.